కుడిపక్క జీడితోట

ముడసర్లోవ దగ్గర ఇంకా పూర్తిగా తెల్లారలేదు.
సముద్రం రాత్రంతా పంపిన తేమ
గడ్డి మీద కూర్చునుంది.
నా చేతిలో కొత్త డ్రైవరు.
దాని ధర ఇంట్లో సగమే చెప్పాను.

మొదటి బంతి బుద్ధిగానే బయల్దేరింది.
నూరు గజాలు పోయాక
ఏదో మర్చిపోయి గుర్తొచ్చినట్టు
కుడికి తిరిగింది.
జీడితోటలో కొమ్మ టక్కుమంది.
రెండోది ఎడమకి, కాలవలోకి.
మూడోది లేవనే లేదు.
నాలుగోసారి బంతి కదల్లేదు,
గాలి కదిలింది,
దూరంగా కొంగొకటి లేచింది.

పందొమ్మిదేళ్ళుగా హార్బరు పైలట్ని.
డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి
రెండువందల ముప్పై మీటర్ల బొగ్గు ఓడని
సూదిలోకి దారంలా ఎక్కిస్తాను.
ఎక్కడెక్కడి కెప్టెన్లో
చెయ్యి కలిపి కాఫీ పోస్తారు.
ఎనభైవేల టన్నులు నా మాట వింటాయి.
నలభై ఆరు గ్రాములు వినవు.

ఓడకి ఒక మర్యాద ఉంది.
చుక్కాని తిప్పమంటే కాస్త ఆలోచించి
అప్పుడు ముక్కు కదుపుతుంది.
ఆ కాస్తలో తప్పు దిద్దుకోవచ్చు.
ఇక్కడ, నేను వాదన మొదలెట్టకముందే
తీర్పు జీడితోట చేరిపోతుంది.

భుజం అంటారు రిటైరైన కమాండరు గారు.
కాదు, తుంటి, అంటాడు రొయ్యల ఎగుమతులాయన.
పళ్ళ డాక్టరుకి మాత్రం ఎప్పుడూ తలే:
"ఎత్తకండి, ఎత్తారంటే పోయిందే!"
అన్నీ కలిపి హాల్లో గొడుగుతో ఊపి చూశాను.
ఫ్యాను రెక్క వంగింది.

గౌరినాయుడు ఏమీ అనడు.
అడవివరం కుర్రాడు, నా కేడీ.
తోటలో నా బంతులే ఏరి, లుంగీకి తుడిచి,
మూడు వంద రూపాయలకి నాకే అమ్ముతాడు.
వాటి మీద నేను పెట్టిన నల్లచుక్కని
ఇద్దరం చూడనట్టే ఉంటాం.

ఇవాళ నోరు తెరిచాడు.
"ఏటి సార్, దాన్నలగ పట్టుకున్నారు?
తాడు నిచ్చెనెక్కుతున్నట్టు?"

నేనేం పని చేస్తానో వాడికి తెలీదు.

ఒక ఆషాఢం రాత్రి
పైలట్ పడవ అల మీంచి జారింది.
కాలికింద మెట్టు లేదు.
ఓడ ఇనపగోడకీ పడవకీ మధ్య
నల్లనీళ్ళు నోరు తెరుస్తూ, మూస్తూ.
నా దగ్గర రెండు చేతులున్నాయి. అంతే.
పైనుంచి ఎవరో కాలరు పట్టి లాగారు.
ఓడని లోపలికి తెచ్చాను,
సంతకం పెట్టాను,
ఇంటికొచ్చి నాలుగిడ్లీలు తిన్నాను.
ఎవరితోనూ అనలేదు.
చేతులు మాత్రం ఆ తాడు దగ్గరే ఉండిపోయాయి కాబోలు,
స్కూటరు హేండిలునీ, గుడి గంటనీ,
కూతురి పెళ్ళిలో అల్లుడి చేతినీ
అలాగే పట్టుకున్నాను.
పాల ప్యాకెట్లు రెండు చిట్లాయి.

"వేడి టీ గ్లాసు పట్టుకోరా సార్, అలగ.
జారకూడదు, కాలకూడదు."

పట్టుకున్నాను.
తొమ్మిది వేళ్ళు ఒప్పుకున్నాయి,
ఎడమ చిటికెనవేలు నమ్మలేదు.
ఊపాను.
చప్పుడు వేరేగా వచ్చింది,
పొడిగా, చిన్నగా,
కొత్త తాళం మొదటిసారి పడ్డట్టు.

"సూసారా సార్! సింహాచలం కొండకేసి, తిన్నగా!"

చూడలేదు.
తలెత్తొద్దన్నారు కదా, ఎత్తలేదు.
విరిగిన టీ ముక్క ఒకటి
గడ్డిలో నిటారుగా నిలబడుంటే
దాన్నే చూస్తున్నాను.

ఆరోది జీడితోటలోకే పోయింది.
గౌరినాయుడు సంచీ దించి,
చెప్పులు దులుపుకుని
వ్యాపారానికి బయల్దేరాడు.

పదకొండున్నరకి నాకు ఓడ ఉంది.
బయట గాలి లేచిందని ఫోనొచ్చింది.
అక్కడ టీ గ్లాసు పట్టు
పనికిరాదు.